మూడో కుర్రాడు గెలిపించిన రెండు మ్యాచ్‌లు

(టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెద్దలకు, అక్కలకు, అన్నలకు, ముందు వరుసలో చాపల మీద కూర్చున్న పిల్లలకు కూడా.

ఈ సాయంత్రం నన్ను మాట్లాడమని అడిగింది పిల్లలే. సెప్టెంబర్ వచ్చిందంటే శనివారం పొద్దున పదకొండు నుంచి అర్ధరాత్రి దాకా మన ఇళ్ళలో టీవీకి విశ్రాంతి ఉండదు. కాలేజీ ఫుట్‌బాల్ నడుస్తూనే ఉంటుంది. "మాది నాలుగో ర్యాంకు, మీది తొమ్మిదో ర్యాంకు" అని వీళ్ళు పోట్లాడుకుంటుంటారు. పక్క గదిలో ఉన్న అమ్మానాన్నలకు ఆ ర్యాంకు ఎవరిచ్చారో, దేన్ని చూసి ఇచ్చారో తెలియదు. "అంకుల్, అదేంటో మా నాన్నకు అర్థమయ్యేలా ఒక్కసారి చెప్పండి" అని అడిగారు. సరేనన్నాను. ఇరవై ఏళ్ళుగా నా మనసుకు దగ్గరైన విషయం ఇది.

నేను 2005 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి కొలంబస్‌లో దిగాను, ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి. చదివింది స్టాటిస్టిక్స్. అక్కడి స్టేడియంలో లక్షమందికి పైగా కూర్చుంటారు. మా మండలం జనాన్నంతా తీసుకొచ్చి కూర్చోబెట్టినా ఇంకా కుర్చీలు మిగులుతాయి. మొదటి శనివారం రూమ్మేట్లు లాక్కెళ్ళారు. ఆట అర్థం కాలేదు కానీ ఆ హోరు మాత్రం ఒంట్లోకి దిగిపోయింది. ఆ ఏడాది చివరికల్లా నేను కూడా ర్యాంకుల కోసం ఆదివారం మధ్యాహ్నం ఎదురుచూసేవాణ్ణి.

ముందు ఈ ర్యాంకు ఎందుకు అవసరమైందో చెప్తాను. మన ఐపీఎల్‌లో పది జట్లు, ఒక్కోదానికి పద్నాలుగు లీగ్ మ్యాచ్‌లు. ఎవరు ఎవరికన్నా మెరుగో పాయింట్ల పట్టిక చెప్పేస్తుంది. ఎవరినీ అడగక్కర్లేదు. ఇక్కడ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో 32 జట్లు, పదిహేడేసి ఆటలు. అదీ ఫరవాలేదు. కాలేజీ ఫుట్‌బాల్ పై అంచెలో 130కి పైగా జట్లున్నాయి. ఒక్కోటి ఆడేది పన్నెండు ఆటలు. అందులో ఎక్కువ భాగం తన కాన్ఫరెన్స్‌లోని, అంటే తన గుంపులోని జట్లతోనే. అలబామా జట్టు, ఒరెగన్ జట్టు ఒకదానికొకటి ఎదురుపడకుండానే పదేళ్ళు గడిచిపోవచ్చు.

మనలో చాలామంది ఎంసెట్ రాసినవాళ్ళమే. మన రోజుల్లో అందరికీ ఒకే పేపర్. అందుకే మీ ర్యాంకు ఎనిమిది వేలు, నాది పన్నెండు వేలు అంటే అందులో వాదనకు తావు లేదు. ఇప్పుడు ఊహించండి. ఒక్కో జిల్లాకు ఒక్కో పేపర్ ఇచ్చారు. ఒక పేపర్ కష్టం, ఇంకోటి సులువు. ఏది ఎంత కష్టమో చెప్పేవాళ్ళు లేరు. మార్కులు చూసి రాష్ట్రమంతటికీ ర్యాంకులు ఇవ్వమన్నారు. అప్పుడు దిద్దేవాడు ఏం చేస్తాడు? పేపర్ మీద కాలేజీ పేరు చూస్తాడు. "ఈ కాలేజీ నుంచి ఏటా మంచి ర్యాంకులు వస్తాయి కదా" అనుకుంటాడు. అతను చెడ్డవాడు కాదు. చేతిలో ఉన్న సమాచారం చాలక, తెలిసిన పేరును పట్టుకుంటాడంతే. కాలేజీ ఫుట్‌బాల్‌లో జరిగేది కూడా ఇదే.

ఈ ర్యాంకులు ఇచ్చే అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ పోల్ 1936 నుంచి ఉంది. దేశమంతా ఉన్న అరవై మందికి పైగా క్రీడా విలేకరులు ప్రతివారం ఓటు వేస్తారు. వాళ్ళూ మనుషులే. ఒక శనివారం యాభై పైచిలుకు ఆటలు జరిగితే అన్నీ చూడటం ఎవరివల్లా కాదు. నాలుగైదు చూస్తారు, మిగతావి స్కోర్లు చూస్తారు. దశాబ్దాల పాటు ఛాంపియన్ ఎవరో తేల్చింది ఇలాంటి ఓట్లే. 1997లో మిషిగన్, నెబ్రాస్కా రెండూ ఒక్క ఆట కూడా ఓడిపోలేదు. విలేకరులు మిషిగన్ అన్నారు, కోచ్‌ల పోల్ నెబ్రాస్కా అంది. ఆ రెండు జట్లూ ఆ ఏడాది తలపడనే లేదు. ఈ రోజుకీ ఆ రెండు ఊళ్ళలో మేమే ఛాంపియన్లం అంటారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

ఆ తర్వాతి ఏడాది బీసీఎస్ అనే పద్ధతి వచ్చింది. ఓట్లు, కంప్యూటర్ లెక్కలు కలిపి మొదటి రెండు జట్లను తీసి, ఆ రెండింటికీ ఒక ఫైనల్ పెట్టడం. నేను కొలంబస్‌లో ఉన్నప్పుడు నడిచింది ఇదే. ఇక్కడే నా కథ మొదలవుతుంది.

2006 సీజన్. ఆట మొదలు కాకముందే ఒహాయో స్టేట్‌ను ఒకటో ర్యాంకులో పెట్టారు. సెప్టెంబర్‌లో ఆస్టిన్ వెళ్ళి రెండో ర్యాంకు టెక్సస్‌ను 24-7తో ఓడించారు. నవంబర్ 18న మిషిగన్ కొలంబస్‌కు వచ్చింది. ఒకటో ర్యాంకు, రెండో ర్యాంకు, రెండూ 11-0, అంటే పదకొండు గెలిచి ఒక్కటీ ఓడనివి. ముందు రోజే మిషిగన్ పాత కోచ్ బో షెంబెక్లర్ చనిపోయారు. ఊరంతా ఒకరకమైన భారం, ఒకరకమైన పండగ, రెండూ కలిసి ఉన్నాయి. 42-39తో మేం గెలిచాం. ఆ రాత్రి హై స్ట్రీట్‌లో నడిచిన జనాన్ని నేను ఇప్పటికీ మర్చిపోలేను. దేశంలో అన్నిటికన్నా గొప్ప జట్టు ఏదో, రెండో గొప్ప జట్టు ఏదో తేలిపోయిందని టీవీలో చెప్పారు. మేం నమ్మాం. కొంతమందైతే మిషిగన్‌నే మళ్ళీ ఫైనల్‌కు పంపమన్నారు.

కానీ ఫైనల్‌కు ఫ్లోరిడా వచ్చింది. డిసెంబర్ మొదటి శనివారం, ఫైనల్‌కు వెళ్తుందనుకున్న సదరన్ కాలిఫోర్నియా జట్టు యూసీఎల్‌ఏ చేతిలో 13-9తో ఓడింది. అదే రోజు ఫ్లోరిడా తన కాన్ఫరెన్స్ ఫైనల్ గెలిచింది. ఓట్లలో కొంచెం తేడాతో మిషిగన్‌ను దాటేసింది. ఒక ఆట ఓడిపోయిన జట్టు, గెలిచినవాటిలో చాలా ఆటలు కిందా మీదా పడి గెలిచిన జట్టు. మా ల్యాబ్‌లో ఎవరూ దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. మా క్వార్టర్‌బ్యాక్, అంటే పాస్‌లు విసిరి ఆటను నడిపించే ఆటగాడు, ట్రాయ్ స్మిత్‌కు ఆ ఏడాది హైస్‌మన్ ట్రోఫీ వచ్చింది. అంటే దేశంలోనే అత్యుత్తమ ఆటగాడు మా దగ్గర ఉన్నాడు.

2007 జనవరి 8. మా అపార్ట్‌మెంట్‌లో ఇరవై మందిమి. బిర్యానీ వండాం. మొదటి కిక్‌ను అందుకున్న టెడ్ గిన్ మైదానం ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఆట మొదలై ఇరవై సెకన్లు కూడా కాలేదు. కింద ఫ్లాట్‌వాళ్ళు కర్రతో సీలింగ్ కొట్టారు, అంత గోల చేశాం. ఆ సంబరంలోనే గిన్ కాలికి దెబ్బ తగిలి బయటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత జరిగింది నేను నమ్మలేకపోయాను. సగం ఆటకు 34-14. చివరికి ఫ్లోరిడా 41, ఒహాయో స్టేట్ 14. దేశంలో అత్యుత్తమ ఆటగాడు ఆ రాత్రి పద్నాలుగు పాస్‌లు విసిరితే నాలుగే చేరాయి. మా జట్టు మొత్తం ఆటలో ముందుకు కదిలింది 82 గజాలు. బిర్యానీ అలాగే ఉండిపోయింది.

నిద్ర పట్టక ఆ రాత్రి నాలో నేను వాదించుకున్నాను. మేం గొప్ప జట్టు అని ఎలా తెలుసు? మిషిగన్‌ను ఓడించాం కాబట్టి. మిషిగన్ గొప్ప జట్టని ఎలా తెలుసు? మా చేతిలో తప్ప ఓడిపోలేదు, మా మీద మూడు పాయింట్లతోనే ఓడింది కాబట్టి. ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని నిలబడ్డాం. వారం ముందే రోజ్ బౌల్ అనే సీజన్ చివరి ఆటలో ఆ మిషిగన్‌ను సదరన్ కాలిఫోర్నియా 32-18తో ఓడించింది. ఆ స్కోరు నేను చూశాను. చూసి కూడా దాని అర్థం తీసుకోలేదు. నమ్మకం ఒకసారి కుదిరాక, దానికి వ్యతిరేకంగా కనిపించేది కంటికి ఆనదు. స్టాటిస్టిక్స్ క్లాసులో మాకు ఇదే నేర్పారు. ఆ రాత్రి అది నా ఒంటికి తెలిసింది.

ఆ ఫ్లోరిడా జట్టు కోచ్ పేరు అర్బన్ మేయర్. గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

ఇప్పుడు రెండేళ్ళు వెనక్కి వెళ్దాం, 2004కి. దీనికి పెళ్ళి భోజనాల పోలికే సరిగ్గా సరిపోతుంది. మొదటి బంతిలో కూర్చున్నవాళ్ళు లేస్తేనే రెండో బంతివాళ్ళకు చోటు. ఎంత ఆకలి మీదున్నా, ఎంత దగ్గరి చుట్టమైనా సరే, కూర్చున్నవాణ్ణి లేపి మనం కూర్చోలేం. ఆ ఏడాది ఆగస్టులో, ఒక్క ఆట కూడా జరగకముందు, విలేకరులు సదరన్ కాలిఫోర్నియాను ఒకటిలో, ఓక్లహోమాను రెండులో కూర్చోబెట్టారు. ఆబర్న్ పదిహేడులో ఉంది. ఆ తర్వాత మూడూ ఒక్క ఆట కూడా ఓడిపోలేదు. ముందు కూర్చున్న ఇద్దరూ లేవలేదు. ఆబర్న్ ఎక్కుతూ ఎక్కుతూ మూడో స్థానం దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. ఎస్‌ఈసీ లాంటి గట్టి కాన్ఫరెన్స్‌లో అన్ని ఆటలూ గెలిచిన జట్టుకు ఫైనల్ ఆడే అవకాశం దొరకలేదు. ఆ ఫైనల్ ఎలా అయింది? 55-19. ఓక్లహోమా ఏ మాత్రం నిలబడలేదు. ఆబర్న్ ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. నన్ను బాధపెట్టేది ఆ తెలియకపోవడమే. ఆ కుర్రాళ్ళు పదమూడు ఆటలు ఆడి, పదమూడూ గెలిచారు. ఇంకేం చేయాలి వాళ్ళు? ఆగస్టులో ఎవరో వేసుకున్న అంచనా డిసెంబర్‌లో వాళ్ళ కాళ్ళకు అడ్డం పడింది.

ఆబర్న్ మాట వచ్చింది కాబట్టి ఇంకో చిత్రమైన లెక్క చెప్తాను. ఇది పిల్లలకు బాగా ఇష్టం. 2017లో ఆబర్న్ నవంబర్ నెలలో జార్జియాను 40-17తో, అలబామాను 26-14తో ఓడించింది. తర్వాత కాన్ఫరెన్స్ ఫైనల్‌లో అదే జార్జియా చేతిలో ఓడింది. జార్జియా, అలబామా రెండూ జాతీయ ఫైనల్‌కు వెళ్ళాయి. ఆ ఫైనల్‌కు ముందు, జనవరి 1న, ఆబర్న్ సెంట్రల్ ఫ్లోరిడా అనే జట్టుతో ఆడి 34-27తో ఓడిపోయింది. సెంట్రల్ ఫ్లోరిడా ఆ ఏడాది 13-0. రెండేళ్ళ ముందు పన్నెండుకు పన్నెండు ఓడిపోయిన జట్టు అది! ఫైనలిస్టులిద్దరినీ ఓడించిన జట్టును ఓడించింది. కానీ అప్పటికి జట్లను ఎంచే పని సెలెక్షన్ కమిటీ చేతికి వచ్చింది, దాని సంగతి కాసేపట్లో చెప్తాను. ఆ కమిటీ దానికిచ్చిన ర్యాంకు పన్నెండు. పన్నెండో ర్యాంకు అంటే నాలుగు జట్ల ప్లేఆఫ్ దరిదాపుల్లోకి కూడా రానట్టు.

అంటే సెంట్రల్ ఫ్లోరిడా అలబామాను ఓడించేదా? నేను అలా అనను. రాయి కత్తెరను గెలుస్తుంది, కత్తెర కాగితాన్ని గెలుస్తుంది, అయినా కాగితం రాయిని గెలుస్తుంది. ఫుట్‌బాల్‌లో ఇది ప్రతివారం జరుగుతుంది. పైగా ఆ జట్టు ఆడిన మిగతా జట్లు బలమైనవి కావు అన్న మాటలో నిజం ఉంది. కానీ బలమైన జట్లు వాళ్ళతో ఆడటానికి ఒప్పుకోకపోవడంలో వాళ్ళ తప్పేముంది? చిన్న కాన్ఫరెన్స్ జట్టుతో ఆడి ఓడితే పెద్ద జట్టుకు పరువు పోతుంది, గెలిస్తే పేరు రాదు. అందుకే పిలవరు. పిలవకుండానే, "వీళ్ళు ఎవరితోనూ ఆడలేదు" అంటారు. ఊళ్ళో అప్పు ఇవ్వకుండానే, వీడు ఎప్పుడూ అప్పు తీర్చలేదు కదా అన్నట్టు ఉంటుంది ఆ మాట.

ఇక అసలు విషయానికి వస్తాను. పిల్లలు నన్ను అడిగిన ప్రశ్న కూడా దీని గురించే.

2014 నుంచి పద్ధతి మారింది. పదమూడు మంది కమిటీ వచ్చింది. వాళ్ళు కూర్చునేది ఎక్కడో కాదు, మనకు పావుగంట దూరంలో, గ్రేప్‌వైన్‌లో ఒక హోటల్‌లో. ఎయిర్‌పోర్ట్‌కు వెళ్ళేటప్పుడు దాని పక్క నుంచే వెళ్తాం. అప్పట్లో రెండు కాదు, నాలుగు జట్లను ఎంచేవాళ్ళు. మంచి మార్పే.

ఆ మొదటి ఏడాది ఒహాయో స్టేట్ కోచ్ ఎవరనుకుంటున్నారు? అర్బన్ మేయర్. మమ్మల్ని 41-14తో ఓడించిన మనిషే మా కోచ్ అయ్యాడు. ఆగస్టులో మొదటి క్వార్టర్‌బ్యాక్ బ్రాక్స్‌టన్ మిల్లర్ భుజానికి దెబ్బ తగిలి సీజన్ మొత్తానికి దూరమయ్యాడు. రెండో వారంలో సొంత మైదానంలో వర్జీనియా టెక్ చేతిలో 35-21తో ఓడాం. అందరూ మమ్మల్ని వదిలేశారు. రెండో కుర్రాడు జె.టి. బారెట్ జట్టును నెట్టుకొచ్చాడు. నవంబర్ చివర్లో మిషిగన్ మీద ఆడుతూ అతని చీలమండ విరిగింది. కాన్ఫరెన్స్ ఫైనల్‌కు వారమే ఉంది. మూడో కుర్రాడు కార్డేల్ జోన్స్. కాలేజీలో మొదటి నుంచి మొదలుపెట్టి ఆడిన ఆట అంతకు ముందు ఒక్కటీ లేదు. అలాంటి మొదటి ఆట విస్కాన్సిన్ మీద ఆడాడు. 59-0తో గెలిచాం.

అదే రోజు ఇక్కడ మన ఫోర్ట్‌వర్త్‌లో టీసీయూ, అంటే టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ, ఏం చేసిందో ఎంతమందికి గుర్తుంది? (సభలో నుంచి "55-3" అని ఎవరో అన్నారు.) అవునమ్మా, 55-3. అయోవా స్టేట్‌ను ఓడించింది. ఆ పొద్దున టీసీయూది మూడో ర్యాంకు. మర్నాడు ఆరో ర్యాంకు. 52 పాయింట్ల తేడాతో గెలిచి మూడు మెట్లు దిగింది. మేం నాలుగో స్థానంలోకి వచ్చాం. టీసీయూ ఓడిన ఒకే ఒక్క ఆట బేలర్ చేతిలో, 61-58. చివరి క్వార్టర్‌లో 21 పాయింట్లు ముందుండి పోగొట్టుకున్నారు. బేలర్ అయిదో ర్యాంకు దగ్గర ఆగింది. అప్పట్లో బిగ్ 12 కాన్ఫరెన్స్‌కు ఫైనల్ అనే ఆట లేదు. చూపించుకోవడానికి పదమూడో ఆట వాళ్ళకు లేదు, మాకు ఉంది.

తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. మూడో కుర్రాడితోనే మేం మొదటి ర్యాంకు అలబామాను 42-35తో, రెండో ర్యాంకు ఒరెగన్‌ను 42-20తో ఓడించి ఛాంపియన్లమయ్యాం. ఫైనల్ జరిగింది ఆర్లింగ్టన్‌లో. అప్పటికే నేను ఈ ఊరికి వచ్చేశాను. ఆ రాత్రి నేను ఎంత ఆనందపడ్డానో, మర్నాడు ఆఫీసులో టీసీయూలో చదివిన నా సహోద్యోగి ముఖం చూసి అంత ఇబ్బంది పడ్డాను. టీసీయూ కూడా తన బౌల్ ఆటలో మిసిసిపీని 42-3తో ఓడించింది. కమిటీ సరిగ్గానే ఎంచింది అని అందరూ అన్నారు. నేనూ అన్నాను. ఇప్పుడు అనను. మేం గెలిచాం అన్నది మేం అర్హులం అనడానికి సాక్ష్యం. టీసీయూ అర్హత లేనిది అనడానికి సాక్ష్యం కాదు. వాళ్ళను ఆడనిచ్చి ఉంటే కదా తెలిసేది.

ఈ కథను పక్కన పెట్టుకుని 2023కి రండి. ఫ్లోరిడా స్టేట్. నవంబర్ 18న వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. రెండో కుర్రాడితో ఫ్లోరిడాను ఓడించారు. అతనికి తలకు దెబ్బ తగిలింది. కాన్ఫరెన్స్ ఫైనల్‌కు మూడో కుర్రాడు బ్రాక్ గ్లెన్, మొదటి సంవత్సరం విద్యార్థి. లూయీవిల్ మీద 16-6తో గెలిచారు. 13-0. పెద్ద కాన్ఫరెన్స్ ఛాంపియన్.

మర్నాడు గ్రేప్‌వైన్‌లో కమిటీ వాళ్ళను అయిదో స్థానంలో పెట్టింది. నాలుగో చోటు ఒక ఆట ఓడిన అలబామాకు ఇచ్చింది. ఓటమి లేని పెద్ద కాన్ఫరెన్స్ ఛాంపియన్‌ను నాలుగు జట్ల ప్లేఆఫ్‌కు బయట పెట్టడం అదే మొదటిసారి. ట్రావిస్ లేకుండా అది వేరే జట్టు అన్నది కమిటీ వివరణ. నిబంధనల్లో ముఖ్యమైన ఆటగాడు లేకపోవడాన్ని పరిగణించవచ్చు అని ఉంది, నిజమే. అలబామా అంతకు ముందు రోజే జార్జియాను 27-24తో ఓడించింది, అదీ నిజమే. టెక్సస్ అలబామాను అలబామాలోనే ఓడించింది కాబట్టి అలబామాను తీసుకుంటే టెక్సస్‌ను కాదనలేరు, అదీ నిజమే. ఆ రోజు ఆ గదిలో కూర్చున్నవాళ్ళకు సులువైన దారి లేదు. అది ఒప్పుకుంటాను.

కానీ తొమ్మిదేళ్ళ తేడాతో జరిగిన ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టండి. రెండు జట్లు. రెండింటికీ మూడో కుర్రాడే దిక్కు. ఇద్దరు కుర్రాళ్ళూ తాము మొదటి నుంచి ఆడిన తొలి ఆటలోనే కాన్ఫరెన్స్ ఫైనల్ గెలిపించారు. ఒకడి జట్టు ఒక ఆట ఓడినది, దాన్ని లోపలికి రమ్మన్నారు. ఇంకొకడి జట్టు ఒక్కటీ ఓడనిది, దానికి తలుపు వేశారు. తేడా 59-0 అనే స్కోరుకు, 16-6 అనే స్కోరుకు మధ్య ఉంది. ఒకటి కంటికి ఇంపుగా ఉంది, ఇంకోటి లేదు. రెండూ గెలుపులే. ఒకదాన్ని చూసి "వీళ్ళు ఇకముందు కూడా గెలుస్తారు" అనుకున్నారు, రెండోదాన్ని చూసి "వీళ్ళు ఇకముందు ఓడిపోతారు" అనుకున్నారు. ఇకముందు ఏం జరుగుతుందో ఊహించి, ఇప్పటిదాకా జరిగినదాన్ని కొట్టేశారు. నాకు అభ్యంతరం అక్కడ. 2006లో ఇకముందు ఏం జరుగుతుందో మాకూ బాగా తెలుసనుకున్నాం.

కొందరు అంటారు, "ఆరెంజ్ బౌల్‌లో ఫ్లోరిడా స్టేట్ జార్జియా చేతిలో 63-3తో ఓడింది కదా, కమిటీ మాటే నిజమైంది కదా" అని. ఆ రోజు మైదానంలో దిగినది ఏ ఫ్లోరిడా స్టేట్? ప్లేఆఫ్ పోయాక మనసు విరిగి, ప్రొఫెషనల్ ఆటకు వెళ్ళేవాళ్ళు, వేరే కాలేజీకి మారేవాళ్ళు తప్పుకున్నారు. జట్టులో చాలామంది లేరు. పెళ్ళికి పిలవకుండా, తర్వాత ఇంటికి వెళ్ళి చూసి, వీళ్ళు పట్టుచీర కట్టుకోలేదు చూడండి అన్నట్టు ఉంది. ఆ ఓటమిని ఆ ఎంపికకు రుజువుగా చూపడం న్యాయం కాదు.

స్కోర్ల గురించి ఇంకో మాట. 2022 టీసీయూ. ముందు ఏడాది 5-7. సీజన్‌కు ముందు వాళ్ళ కాన్ఫరెన్స్‌లో ఏడో స్థానం వస్తుందని అంచనా. కొత్త కోచ్. అలాంటి జట్టు సెమీఫైనల్‌లో మిషిగన్‌ను 51-45తో ఓడించింది. ఆ తర్వాత ఫైనల్‌లో జార్జియా వాళ్ళను 65-7తో చిత్తు చేసింది. ఇప్పుడు ఎవరినైనా అడగండి, 65-7 గుర్తుంటుంది. 51-45 గుర్తుండదు. ఆ ఏడాది మన ఊరి పిల్లలు పదమూడు ఆటలు గెలిచి దేశంలో చివరిదాకా మిగిలిన రెండు జట్లలో ఒకటిగా నిలిచారు అన్నది ఆ ఒక్క రాత్రి కింద పూడిపోయింది. ఇక్కడ టీసీయూ పిల్లలు ఎవరైనా ఉంటే, తల దించుకోకండి నాన్నా.

1994లో పెన్ స్టేట్‌కు దీనికి తలకిందులుగా జరిగింది. ఇండియానా మీద 35-14తో ముందుండగా కోచ్ రిజర్వు కుర్రాళ్ళను దింపాడు. ఆట ముగిసేలోపు ఇండియానా రెండు టచ్‌డౌన్లు చేసింది. పేపర్లో 35-29. స్కోరు మాత్రమే చూసినవాళ్ళకు అది కష్టపడి గెలిచిన ఆట. ఆ ఏడాది పెన్ స్టేట్ పన్నెండుకు పన్నెండు గెలిచి కూడా రెండో స్థానంలోనే మిగిలింది. మర్యాదగా ఆడినందుకు వాళ్ళకు మిగిలింది అది.

ఇప్పుడు పన్నెండు జట్ల ప్లేఆఫ్ వచ్చింది. దీనికీ గొడవలున్నాయి, అవి ఇప్పుడు వద్దు. కానీ ఒక్క విషయం. 2024లో ఒహాయో స్టేట్ సొంత మైదానంలో మిషిగన్ చేతిలో 13-10తో ఓడింది. ఇరవై పాయింట్ల తేడాతో గెలుస్తుందని అందరూ అనుకున్న ఆట. కమిటీ లెక్కలో ఆరో జట్టు. నాలుగు జట్ల పద్ధతే ఉంటే ఇంట్లో కూర్చునేది. అలాంటిది వరసగా నాలుగు ఆటలు గెలిచి ఛాంపియన్ అయింది. 2014లో నాలుగో జట్టుగా, 2024లో ఆరో జట్టుగా. మునుపటి పద్ధతే ఉండి ఉంటే రెండుసార్లూ మాకు ఆడే అవకాశమే లేదు. నా జట్టు దాటివచ్చిన తలుపు ఇంకొకరికి మూసి ఉంటే నేను ఎలా ఊరుకుంటాను? ఇందులో నాకు ఇంత పట్టింపు అందుకే.

ఆ ఏడాది సెమీఫైనల్ ఆర్లింగ్టన్‌లోనే జరిగింది, 2025 జనవరి 10న. ఒహాయో స్టేట్, టెక్సస్. మా అమ్మాయి ఆస్టిన్‌లో చదువుతోంది. నేను ఎర్ర స్వెటర్, అది నారింజ రంగు చొక్కా. పక్కపక్క సీట్లు. చివరి నిమిషాల్లో మేం 21-14తో ముందున్నాం. టెక్సస్ బంతిని మా గీతకు ఒక్క గజం దూరం దాకా తెచ్చింది. ఒక్క గజం! మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, అది నా ప్రత్యర్థి అన్న సంగతి ఇద్దరం మర్చిపోయాం. మొదటి ప్రయత్నం ఆగింది. రెండోసారి వెనక్కి నెట్టారు. నాలుగో ప్రయత్నంలో మా జాక్ సాయర్ వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ చేతిలోంచి బంతిని రాల్చి, పట్టుకుని, 83 గజాలు పరుగెత్తాడు. ఈ ఇద్దరూ ఒకప్పుడు కొలంబస్‌లో ఒకే గదిలో ఉన్న స్నేహితులు. 28-14.

కారులో చాలాసేపు మాట్లాడలేదు. హైవే 360 ఎక్కాక అడిగింది. "నాన్నా, రేపు పొద్దున స్కోరు చూసినవాళ్ళు మేం పద్నాలుగు పాయింట్లతో ఓడిపోయామనుకుంటారు కదా?"

"అనుకుంటారు" అన్నాను.

"నువ్వు చూశావు కదా. నువ్వు అయితే ఏం చెప్తావు?"

"ఒక్క గజం" అని చెప్పాను. ఇంటికి వెళ్ళాక ఇండియాలో ఉన్న మా తమ్ముడు ఫోన్ చేసి, సులువుగా గెలిచారట కదా అన్నాడు. ఆ ఒక్క గజం గురించి వాడికి అరగంట చెప్పింది మా అమ్మాయే.

నాకు ఇచ్చిన సమయం అయిపోయింది. పిల్లలూ, ఇక మీరు అడగండి. ముందు ఆ నీలం చొక్కా అబ్బాయి, చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తి ఉన్నాడు.